ఎందుకీ జన్మము? ఎందుకీ దుఃఖము? – బౌద్ధ దర్శనపు సమాధానము

మనమెందుకు పుట్టితిమి? పుట్టినవారము ఎందుకు దుఃఖించుచున్నాము? ఈ రెండు ప్రశ్నలు పండితులకు మాత్రమే కలుగునవి కావు. కోతకు వచ్చిన వరి వానలో తడిసి మొలకెత్తగా చూచిన రైతు ఈ ప్రశ్న వేసికొనును. చంటిబిడ్డను పోగొట్టుకొన్న తల్లి వేసికొనును. పరీక్షలో తప్పి, ఇంటికి పోవుటకు మొగము చెల్లని విద్యార్థియు వేసికొనును. అడిగినవారికి ఇరుగుపొరుగువారు చెప్పు సమాధానము తరచుగా ఒక్కటే: "నీ నొసట అట్లు వ్రాసియున్నది, అంతా నీ ఖర్మము, ఎవరేమి చేయగలరు?" ఈ మాట ఓదార్పు కొరకే పుట్టినది. కాని అందులో ఒక కాఠిన్యము కూడ దాగియున్నది. వినినవాడు తన దుఃఖమునకు తానే నేరస్థుడనని తలంచును. చెప్పినవాడు చేయి అందింపవలసిన బాధ్యతనుండి మెల్లగా తప్పుకొనును.

కర్మము, పూర్వజన్మము అను మాటలు బౌద్ధ గ్రంథములలోను కనబడును గనుక బుద్ధుడును ఇదే చెప్పియుండునని మన విద్యార్థులలో పెక్కుమంది భావింతురు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది అందుకు భిన్నమైన సంగతి. దుఃఖమును తలవ్రాతకు అప్పగించి ఊరకుండుటను బుద్ధుడు స్పష్టముగా నిరాకరించెను. దుఃఖమునకు కారణములు కలవు. కారణములు కలవు గనుకనే అది తొలగింపదగినది. ఈ ఒక్క మాట ఆయన బోధకు ప్రాణము. మతబోధ మా ఉద్దేశము కాదు. తెలుగునేలపై శతాబ్దుల తరబడి వర్ధిల్లిన ఒక దర్శనమును విద్యార్థులు తిన్నగా తెలిసికొనవలెనన్నదే మా కోరిక.

దుఃఖమనగా నేమి?

ముందుగా మాటను విచారింతము. పాళీ భాషలో దీనిని "దుక్ఖ" అందురు. మన ఉర్దూ విద్యార్థులు "దుఖ్" అనునదియు ఈ మాటయే. తెలుగున దుఃఖమనగా ఏడ్పు, శోకము అను అర్థమే మనకు ముందు స్ఫురించును. బౌద్ధులు దానిని అంతకంటె విశాలమైన అర్థమున వాడిరి. సారనాథములోని మృగవనమున తన పూర్వ సహచరులైన ఐదుగురికి బుద్ధుడు చేసిన మొదటి ఉపదేశములో దుఃఖమునకు పట్టిక యొకటి కలదు. పుట్టుక, ముసలితనము, చావు, ఇష్టము లేనివారితో కలిసియుండుట, ఇష్టమైనవారిని ఎడబాయుట, కోరినది దొరకకుండుట – ఇవి అందులో చేరినవి. ఈ పట్టికలో వేదాంత పరిభాష యేమియు లేదు. ప్రతి ఇంటిలోను ప్రతి దినము జరుగునదే కలదు.

బౌద్ధాచార్యులు దుఃఖమును మూడు విధములుగా విభజించిరి. మొదటిది దుఃఖదుఃఖము. పంటి నొప్పి, ఆకలి, ఆప్తుని మరణము వంటివి. ఇది దుఃఖమని ఎవరును చెప్పనక్కరలేదు. రెండవది విపరిణామదుఃఖము. అనగా సుఖము మారిపోవుటవలన కలుగునది. కుమారునికి దూరదేశమున ఉద్యోగము దొరకినదని తల్లి సంతోషించును. ఆ సంతోషము అబద్ధము కాదు. కాని విమానము కదలిన క్షణమున ఆ సంతోషమే ఎడబాటుగా మారును. మూడవది సంస్కారదుఃఖము. ఇది సూక్ష్మమైనది. పెక్కు కారణముల కూడికచేత ఏర్పడిన యే వస్తువైనను నిలకడ లేనిది. మట్టిగోడల ఇంటికి ఏటేట మెత్తుడు, అలుకుడు తప్పనట్లు ఈ దేహమునకును మనస్సునకును నిత్యము ఏదో ఒక మరమ్మతు కావలెను. తినవలెను, నిదురింపవలెను, మరల ఆకలిగొనవలెను. అంతా చక్కగా ఉన్నదనుకొన్న దినమున కూడ లోపల మిగిలియుండు ఈ అస్థిరతయే మూడవ దుఃఖము.

దీనిని చూచి బౌద్ధము నిరాశావాదమని కొందరు తీర్మానించిరి. ఆ తీర్మానము సరియైనది కాదు. వైద్యుడు రోగి నాడి పట్టి "నీకు జ్వరమున్నది" అనినచో ఆయనను నిరాశావాది యనము. రోగమేదియో చెప్పి, దాని కారణమును చెప్పి, అది కుదురునని చెప్పి, మందు వ్రాసి ఇచ్చినచో వైద్యుడందుము. దుఃఖము, దుఃఖకారణము, దుఃఖనిరోధము, నిరోధమార్గము అను నాలుగు ఆర్యసత్యములకును ఈ వరుసయే కలదు. మొదటి సత్యము దగ్గర ఆగిపోయినవారికి మాత్రమే ఈ దర్శనము చీకటిగా కనబడును.

"ఎందుకు" అను మాటకు రెండర్థములు

మన తెలుగులో "ఎందుకు" అను ప్రశ్నకు రెండర్థములు కలవు. "బజారుకు ఎందుకు పోయితివి?" అనినచో "దేనికొరకు?" అని అర్థము. "గోడ ఎందుకు పడిపోయెను?" అనినచో "దేనివలన?" అని అర్థము. గోడ ఒక ప్రయోజనము కొరకు పడలేదు. పునాది నానుటవలన పడినది. మనమెందుకు పుట్టితిమి అని అడుగునప్పుడు ఈ రెండర్థములు మన మనస్సులో కలిసిపోవును. బుద్ధుడు వీనిని విడదీసెను. "దేనికొరకు" అను విచారణను ఆయన ప్రక్కన పెట్టి, "దేనివలన" అను విచారణను చేపట్టెను.

ఈ విషయమున పాళీ గ్రంథములలోని రెండు సంభాషణలు చదువదగినవి. మోళియ ఫగ్గునుడను భిక్షువు "తృష్ణపడునది ఎవరు? అనుభవించునది ఎవరు?" అని బుద్ధుని అడిగెను. ఆ ప్రశ్న సరిగా వేసినది కాదని, ఏ కారణమువలన తృష్ణ కలుగుచున్నదని అడుగవలెనని బుద్ధుడు సవరించెను. "ఎవరు" అను ప్రశ్న మనలను ఒక దోషిని వెదకుటకు పంపును. "దేనివలన" అను ప్రశ్న ఒక మార్గమును వెదకుటకు పంపును. రెండవ సంభాషణ మాలుంక్యపుత్రునితో జరిగినది. లోకము శాశ్వతమా, అశాశ్వతమా, దానికి అంతము కలదా, లేదా అను ప్రశ్నలకు సమాధానము చెప్పననిచో సంఘమును విడిచిపోదునని అతడు పట్టుపట్టెను. అప్పుడు బుద్ధుడు ఒక ఉపమానము చెప్పెను. విషపు బాణము గ్రుచ్చుకొన్న వాడొకడు, బాణము వేసినవాని కులమేది, పేరేమి, వాడు పొడవా పొట్టియా, వింటినారి దేనితో చేసినది అని తెలిసినగాని బాణమును పెరుకనీయనని అనినచో, ఆ సంగతులు తెలియకమునుపే వాడు మరణించును.

సంసారమునకు మొదలెక్కడ అను ప్రశ్నకు, ఆ మొదలు కనబడదని బుద్ధుని సమాధానము. ఈ దీర్ఘయాత్రలో ఆప్తులను పోగొట్టుకొని మనము కార్చిన కన్నీరు నాలుగు సముద్రముల నీటికంటె అధికమని ఆయన భిక్షువులతో చెప్పెను. మొదలు వెదకుటకంటె ఆ కన్నీరు ఇప్పుడెట్లు పుట్టుచున్నదో చూచుటయే ఆయనకు ముఖ్యమైనది.

కారణముల గొలుసు

ఆ చూచుటకే ప్రతీత్యసముత్పాదమని పేరు. ఒకదానిని ఆశ్రయించి మరియొకటి పుట్టుట అని అర్థము. ఇది ఉన్నచో అది ఉండును. ఇది ఆగినచో అది ఆగును. దీనిని పండ్రెండు కడియముల గొలుసుగా చెప్పుదురు: అవిద్య, సంస్కారములు, విజ్ఞానము, నామరూపములు, ఆరు ఇంద్రియస్థానములు, స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానము, భవము, జాతి, జరామరణములు. ఇందు రెండు మూడు మాటలు తెలుగు పాఠకుని పొరపాటు పడజేయును. "వేదన" అనగా ఇచ్చట బాధ కాదు. సుఖమైనను, దుఃఖమైనను, రెండును కాకున్నను, అనుభూతి మాత్రమే. "జాతి" అనగా కులము కాదు, పుట్టుక. "ఉపాదానము" అనగా గట్టిగా పట్టుకొనుట. పాళీ భాషలో ఈ మాటకు ఇంధనము అను అర్థము కూడ కలదు.

ఈ రెండవ అర్థము చాల ఉపకరించును. దీపము నూనెను, వత్తిని ఆశ్రయించి వెలుగును. దీపమెందుకు వెలుగుచున్నదని అడిగినచో, నూనె ఉన్నది, వత్తి ఉన్నది, ఒకరు మరల మరల నూనె పోయుచున్నారు అని చెప్పవలెను. మన ఉనికిని గూర్చి బౌద్ధులు ఇట్లే చెప్పుదురు. ఉండవలెనను దాహమును భవతృష్ణ యందురు. ఆ దాహము పట్టుకొనుటగా మారును. పట్టుకొనుట ఇంధనమై ఉనికిని కొనసాగించును. తృష్ణ మూడు విధములు. భోగములను కోరునది కామతృష్ణ. ఉండవలెనను కోరిక భవతృష్ణ. ఇక ఉండకూడదు, నశించిపోవలెనను కోరిక విభవతృష్ణ. ఈ మూడవదానిని విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. దుఃఖము భరింపరానప్పుడు ప్రాణమును తీసికొనుటయే విముక్తి అని తోచు భావము కూడ తృష్ణలోనిదే, దుఃఖకారణములలోనిదే యని బుద్ధుడు వర్గీకరించెను. అది దుఃఖమునుండి బయటికి పోవు ద్వారము కాదు.

ఆత్మ యనునది ఒకటి దేహమునుండి దేహమునకు పోవుచున్నదా? బౌద్ధము అట్లు చెప్పదు. క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దిలో వాయవ్య భారతమును పాలించిన గ్రీకురాజు మినాండరుకును నాగసేన భిక్షువునకును జరిగినట్లు చెప్పు చర్చ "మిలిందపన్హ" యను గ్రంథముగా నిలిచినది. ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించినచో మొదటి దీపమునుండి రెండవదానికి వస్తువేదియు నడచిపోలేదు. అయినను మొదటిది లేక రెండవది లేదు. పునర్జన్మను నాగసేనుడు ఈ పోలికతో వివరించెను.

ఈ గొలుసు జన్మజన్మాంతరములకు మాత్రమే చెందినదని అనుకొనరాదు. ఒక్క మధ్యాహ్నములోనే ఇది ముగియవచ్చును. తోటి విద్యార్థి చేతిలో క్రొత్త సెల్‌ఫోను కనబడును. అది స్పర్శ. చూచిన కంటికి ఇంపుగా తోచును. అది వేదన. "నాకును కావలెను" అనిపించును. అది తృష్ణ. అది లేనిదే నాకు గౌరవము లేదని మనస్సు బిగిసికొనును. అది ఉపాదానము. సాయంకాలమునకు తండ్రితో జగడము, తల్లికి కన్నీరు. ఈ వరుసలో మొదటి రెండింటిని మనము ఆపలేము. కన్నులున్నంతవరకు చూపు ఉండును. చూపు ఉన్నంతవరకు ఇంపు, వెగటు తోచును. కాని వేదనకును తృష్ణకును నడుమ కొంచెము చోటు కలదు. బౌద్ధ సాధన అంతయు ఆ కొంచెము చోటులోనే జరుగును.

రెండు బాణముల ఉపమానము కూడ దీనినే తెలుపును. సామాన్యునికి దేహబాధ కలిగినప్పుడు ఒక బాణము తగులును. దానికి తోడు శోకించి, గుండె బాదుకొని, రెండవ బాణమును తన మనస్సున గ్రుచ్చుకొనును. వివేకికి మొదటి బాణము తగులును, రెండవది తగులదు. పరీక్షలో తప్పుట మొదటి బాణము. "నేను దేనికిని పనికిరానివాడను" అనుట రెండవది. మొదటిది జరిగిన సంగతి. రెండవది మనము చేర్చిన మాట.

కర్మము తలవ్రాత కాదు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వచ్చితిమి. మనము అనుభవించునదంతయు పూర్వకర్మ ఫలమేనా? అంగుత్తర నికాయములో ఒక సూత్రమున బుద్ధుడు మూడు మతములను విమర్శించెను. మనిషి అనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వము చేసినదాని ఫలమే యనునది ఒకటి. అన్నియు ఈశ్వర నిర్మాణమే యనునది రెండవది. ఏ కారణమును లేక ఊరక కలుగుననునది మూడవది. ఈ మూడింటిలో దేనిని గట్టిగా పట్టుకొన్నను, "ఇది చేయదగినది, ఇది చేయదగనిది" అను విచక్షణకును, ప్రయత్నమునకును తావుండదని ఆయన ఆక్షేపణ. హంతకుడు కూడ "పూర్వకర్మము నాచే ఇట్లు చేయించెను" అని తప్పించుకొనవచ్చును గదా!

మోళియ సీవకుడను పరివ్రాజకుడు ఇదే ప్రశ్నను సూటిగా అడిగెను. బుద్ధుడు బాధలకు ఎనిమిది కారణములను లెక్కించెను. పిత్తము, శ్లేష్మము, వాతము, ఈ మూడింటి సన్నిపాతము, ఋతువుల మార్పు, దేహమును సరిగా చూచుకొనకపోవుట, ఇతరులు చేయు హింస, చివరకు కర్మఫలము. ఎనిమిదింటిలో కర్మము ఒకటి మాత్రమే! అంతయు పూర్వకర్మమే యనువారు తమకు తెలిసినదానిని, లోకము సత్యమని ఎరిగినదానిని దాటి మాటలాడుచున్నారని ఆయన చెప్పెను. ఎండదెబ్బ తగిలినవానికి నీడ కావలెను, నీరు కావలెను. కొట్టబడినవానికి న్యాయము కావలెను. వారికి పూర్వజన్మ కథ చెప్పుట బుద్ధుని పద్ధతి కాదు.

మరి కర్మమనగా నేమి? బుద్ధుని నిర్వచనములో చేతనయే కర్మము. అనగా ఉద్దేశముతో కూడిన చేత. మన వాడుకలో "కర్మ" యనగా వెనుకకు చూచు మాట. జరిగినదానికి లొంగిపొమ్మను మాట. బుద్ధుని వాడుకలో అది ముఖ్యముగా ముందుకు చూచు మాట. ఇప్పుడు ఏ ఉద్దేశముతో ఏమి చేయుచున్నావు అను ప్రశ్న. పూర్వజన్మ ఫలముల కథలు బౌద్ధ సాహిత్యమున విరివిగా కలవు. జాతకములలోను, అవదానములలోను వానికి కొదువ లేదు. ఆ మాట దాచుట న్యాయము కాదు. అయినను "అంతయు కర్మమే" అను సిద్ధాంతమును ఆ దర్శనపు మూలగ్రంథములే తిరస్కరించినవన్నది మరువరాదు.

దుఃఖకారణములు మనస్సులో మాత్రమే కాక సంఘములోను కలవని ఆ గ్రంథములు గుర్తించినవి. దీఘనికాయములోని చక్కవత్తి సీహనాద సూత్రమున ఒక రాజు కథ కలదు. అతడు ప్రజలను కాపాడెను గాని పేదలకు ధనమీయలేదు. ధనమీయనందున దారిద్ర్యము పెరిగెను. దారిద్ర్యమువలన దొంగతనము, దొంగతనమువలన ఆయుధములు, ఆయుధములవలన హత్యలు, వానివెంట అబద్ధములు పెరిగి, మనుష్యుల ఆయుర్దాయమే క్షీణించెను. ఇదియు ఒక కారణముల గొలుసే. కూటదంత సూత్రమున పురోహితుడు రాజునకు చెప్పిన సలహా మరింత స్పష్టమైనది. చంపుటవలన, చెరసాలలవలన దొంగతనము పోదు. సాగుచేయువారికి విత్తనములు, పశువులకు మేత, వర్తకులకు పెట్టుబడి, కొలువు చేయువారికి జీతము ఇమ్ము. ఎవరి పనిలో వారుందురు, రాజ్యము శాంతించును.

ఆధునిక కాలమున ఈ పార్శ్వమును అందరికంటె గట్టిగా పట్టుకొన్నవారు డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది అనుచరులతో ఆయన బౌద్ధమును స్వీకరించిరి. ఆయన మరణానంతరము 1957లో వెలువడిన "బుద్ధుడు – ఆయన ధమ్మము" అను ఆంగ్ల గ్రంథపు పీఠికలో, ఆర్యసత్యములను ఇప్పుడు చెప్పుచున్న రీతిలో బుద్ధుడే చెప్పెనా, జీవితమే దుఃఖమనినచో మనిషికి ఆశ ఎక్కడ అని ఆయన నిర్మొగమాటముగా ప్రశ్నించిరి. పేదవాడు తన పూర్వపాపముచేత పేదవాడయ్యెనను వాదము, వానిని పేదరికమున ఉంచినవారికి ఎంత సౌకర్యముగా ఉండునో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. సంప్రదాయ పండితులు ఆయన వ్యాఖ్యానమును అంతటను అంగీకరింపలేదు. కాని దుఃఖమును తొలగింపదగినదిగా చూచుటలో ఆయన బుద్ధుని మార్గముననే నడచిరి.

తెలుగునేలపై ఈ ఆలోచన

ఈ దర్శనము మనకు పరాయిది కాదు. అమరావతి, నాగార్జునకొండ, శాలిహుండము, ఫణిగిరి, ధూళికట్ట – పేర్లు చెప్పుచు పోయినచో పుట చాలదు. అమరావతి స్తూపమునకు పూర్ణఘటము చెక్కిన ఫలకమును సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. తన తల్లిని, భార్యను, సోదరులను, సంతానమును కలుపుకొని ఆ దానము చేసినట్లు శాసనము చెప్పుచున్నది. నాగార్జునకొండ మహాచైత్యమునకు క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో దానములు చేసినది చాంతిసిరి, ఇక్ష్వాకు రాజైన చాంతమూలుని సోదరి. ఉభయలోకముల హితసుఖములను, నిర్వాణమును ఆమె కోరెను. ఒకరు తోలుపని చేయువాడు, మరియొకరు రాజసోదరి. ముసలితనము, ఎడబాటు, మరణము ఇరువురికిని సమానమే గనుక ఇరువురును ఆ స్తూపములను ఆశ్రయించిరి.

శ్రీపర్వతముతో సంబంధము కలవాడని సంప్రదాయము చెప్పు ఆచార్య నాగార్జునుడు ఈ దర్శనమునకు గొప్ప తార్కికుడు. ఆయన "మూలమధ్యమకకారిక"లో ఇరువది నాలుగవ ప్రకరణము ఆర్యసత్యములను గూర్చినది. అన్నియు శూన్యమైనచో దుఃఖమును లేదు, దాని నివృత్తియు లేదు గదా యని ప్రతివాది ఆక్షేపించును. నాగార్జునుడు ఆ బాణమును ప్రతివాది వైపే త్రిప్పును. శూన్యమనగా ఏమియు లేకపోవుట కాదు. తనంత తాను నిలుచు స్వభావము లేకపోవుట. దుఃఖమునకు అట్టి స్వభావమే యున్నచో అది పుట్టనేరదు, పోనేరదు. నిప్పునకు వేడిమి వలె అది మనకు శాశ్వతముగా అంటుకొనియుండును. కారణములను ఆశ్రయించి పుట్టినది గనుకనే దుఃఖము పోదగినది. "శూన్యము" అను మాట వినగానే భయపడు విద్యార్థులు ఈ యుక్తిని నిదానముగా ఆలోచింపవలెను. అది నిరాశకు కాక ఆశకు ఆధారము.

ఆ తార్కికుడే "రత్నావళి" యను గ్రంథములో రాజునకు నీతి చెప్పుచు, చెరసాలలోని ఖైదీలను గూర్చి కూడ తలంచెను. వారిని విడిచిపెట్టువరకు వారికి మంగలి, స్నానము, అన్నపానములు, మందు, బట్టలు సమకూర్పవలెనని రాజునకు సలహా యిచ్చెను. శూన్యవాదము చేసిన మేధ ఖైదీ గడ్డమును, దాహమును మరువలేదు. నాగార్జునసాగర జలములలో లోయ మునుగకముందు, 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయటపడిన శిల్పములు నేడు అచ్చటి ద్వీపముపై ప్రదర్శనశాలలో ఉన్నవి. 2022లో సాగరము చెంత బుద్ధవనము కూడ ప్రారంభమైనది. మన విద్యార్థులు విహారయాత్రకు పోయినప్పుడు ఆ రాళ్లముందు ఫొటో తీసికొనుటతో సరిపెట్టక, వాని వెనుకనున్న ఆలోచనను కొంత తెలిసికొని పోయినచో యాత్ర సఫలమగును.

నివృత్తి, నడత

దుఃఖనివృత్తికి బుద్ధుడు చూపినది అష్టాంగమార్గము: సమ్యక్ దృష్టి, సంకల్పము, వాక్కు, కర్మము, జీవనోపాధి, ప్రయత్నము, స్మృతి, సమాధి. ఇందు ధ్యానమునకు సంబంధించినవి కొన్నియే. మాటయు, చేతయు, బ్రదుకుతెరువును కూడ చేర్చుట గమనింపదగినది. ఇతరుల దుఃఖముమీద సంపాదించుచు మనశ్శాంతిని వెదకుట ఈ మార్గమున కుదరదు. నిర్వాణమనగా ఆరిపోవుట. ఆరిపోవునది మనిషి కాదు, రాగద్వేషమోహములను మంట.

ఈ మార్గము మనుష్యుల నడుమ ఎట్లు నడచునో రెండు కథలు తెలుపును. బిడ్డ శవమును ఎత్తుకొని మందు కొరకు తిరిగిన కిసాగోతమితో, మరణమెరుగని ఇంటినుండి ఆవాలు తెమ్మని బుద్ధుడు చెప్పెను. ఆమె ఇంటింటికి తిరిగెను. ఆవాలు ప్రతి ఇంట ఉన్నవి. మరణమెరుగని ఇల్లు మాత్రము లేదు. బుద్ధుడు ఆమెకు పూర్వజన్మ పాపమును చెప్పలేదు. ఆమె దోషమును ఎంచలేదు. ఆమె దుఃఖమును ఊరందరి దుఃఖముతో కలిపెను. మరియొకప్పుడు అతిసారముతో తన మలమూత్రములలోనే పడియున్న భిక్షువొకడు ఆయన కంటబడెను. తోటివారెవ్వరును చూచుటలేదు. బుద్ధుడు ఆనందునిచే నీళ్లు తెప్పించి, ఇరువురును ఆ రోగిని కడిగి మంచముపై పరుండబెట్టిరి. తరువాత సంఘమును పిలిచి, తల్లిదండ్రులను విడిచివచ్చిన మీరు ఒకరినొకరు చూచుకొననిచో మిమ్మెవరు చూతురని అడిగి, తనకు సేవచేయ గోరువారు రోగికి సేవ చేయవలెనని చెప్పెను.

పునర్జన్మను అంగీకరింపనివారికి ఈ దర్శనమున మిగులునదేమి యని కొందరడుగవచ్చును. సృష్టికర్తను విశ్వసించువారికి "దేనికొరకు పుట్టితిమి" అను ప్రశ్నకు తమ తమ గ్రంథములలో సమాధానము కలదు. ఆ సమాధానమును విడువుమని ఈ వ్యాసము ఎవరిని కోరుట లేదు. ఆ భేదము నిజమైన భేదమే. దానిని కప్పిపుచ్చుటవలన ప్రయోజనము లేదు. కాని "ఈ దుఃఖము దేనివలన కలిగెను, అందు నేను తొలగింపగలిగినదెంత" అను విచారణకు మతభేదము లేదు. అది వైద్యునిది, న్యాయమూర్తిది, ఉపాధ్యాయునిది, తల్లిది.

కావున మిత్రులారా, తోటివాడు కష్టమున ఉన్నప్పుడు అతని నొసటి వ్రాతను చదువుటకు ముందు అతని పరిస్థితిని చదువుడు. తరగతికి రానివాడు ఆకలితో ఉన్నాడా, పనికి పోవుచున్నాడా, ఇంట రోగులున్నారా, మనస్సు క్రుంగినదా అని అడుగుడు. కారణము దొరకినచోట ఒక చేయి వేయుడు. దొరకనిచోట, తొలగింపరాని దుఃఖము దగ్గర, మౌనముగా ప్రక్కన కూర్చుండుడు. రెండవ బాణము మన మాటవలన తగులకుండ జూచుట అందరికిని సాధ్యమైన పని.